జాజికాయకు వెల బందరు బట్ట

జాజికాయ ఒకప్పుడు ప్రపంచం మొత్తం మీద ఒక్కచోటే కాసేది. ఇప్పటి ఇండోనేషియా తూర్పు కొసన ఉన్న బండా అనే చిన్న దీవుల గుంపు అది. పండు పగిలితే లోపల నల్లగా మెరిసే గింజ, దాన్ని అల్లుకుని ఎర్రటి వల. గింజలోని పప్పు జాజికాయ, ఎర్ర వల ఎండితే జాపత్రి. మన తాంబూలాల్లోకి, చిట్కా వైద్యాల్లోకి ఈ రెండూ ఎప్పటి నుంచో వస్తున్నవే. ఐరోపాలో వాటి ధర బండా ధరకు ఎన్నో రెట్లు పలికేది. 1599లో డచ్చివారి ఓడలు మొదటిసారి ఆ దీవుల ముందు లంగరు వేశాయి. సరుకు కళ్లెదుటే ఉంది. అమ్మేవాళ్లూ సిద్ధంగానే ఉన్నారు. మరి బదులుగా ఏమివ్వాలి?

చిక్కంతా అక్కడే వచ్చింది. చలిదేశంలో నేసిన ఉన్ని బట్టలు భూమధ్యరేఖ పక్కనున్న ఆ ఉక్కపోత దీవుల్లో ఎవరికి కావాలి? బండాలో వరి పండదు, పత్తి పండదు. అక్కడివాళ్లకు కావలసినవి తిండిగింజలు, ఒంటి మీదికి నూలు బట్ట. ఆ బట్ట కూడా ఏది పడితే అది పనికిరాదు. జావా, మలయా వర్తకుల చేతుల మీదుగా తరతరాలుగా అలవాటైన భారతదేశపు బట్టే కావాలి. ఆ రంగులే ఉండాలి, ఆ అంచులే ఉండాలి.

డచ్చివారి వ్యాపార చరిత్రలో సాధారణంగా కనిపించేవి ఓడలు, ఫిరంగులు, ఆమ్‌స్టర్‌డామ్ గోదాములు, షేర్ మార్కెట్. అవన్నీ నిజమే. కానీ ఆ యంత్రం తిరిగింది నూలు బట్టతో. ఆ బట్టలో పెద్ద వాటా కోరమండల్ తీరానిది, అంటే బందరు నుంచి నాగపట్నం దాకా ఉన్న తీరానిది. ఈ ముక్క వదిలేసి ఆ చరిత్ర చెబితే లెక్కలో సగం పద్దులు కనపడవు.

కంపెనీ పుట్టుక దగ్గర మొదలుపెడదాం. 1595లో కొర్నేలిస్ డె హౌట్మన్ నాయకత్వంలో నాలుగు ఓడలు, సుమారు 240 మంది తూర్పు దేశాలకు బయల్దేరారు. 1597లో మూడు ఓడలే తిరిగొచ్చాయి, మనుషులు 90 మంది కూడా మిగల్లేదు. లాభం అంతంత మాత్రమే. అయినా దారి తెలిసింది. వెంటనే ఊరికో వర్తక సంఘం పుట్టుకొచ్చి, ఒకదానితో ఒకటి పోటీపడి జావాలో మిరియాల ధర పెంచేశాయి, ఆమ్‌స్టర్‌డామ్‌లో అదే ధర పడగొట్టుకున్నాయి. ఈ తలనొప్పి వదిలించుకోవడానికి డచ్ ప్రభుత్వం 1602 మార్చి 20న అందరినీ కలిపి ఒకే ఈస్టిండియా కంపెనీగా కట్టేసింది. పెట్టుబడి సుమారు 64 లక్షల గిల్డర్లు. ఆమ్‌స్టర్‌డామ్ శాఖలోనే 1,143 మంది డబ్బు పెట్టారు. వాళ్లలో ఒక డైరెక్టరు ఇంట్లో పనిచేసే అమ్మాయి కూడా ఉంది. పైన పెత్తనం 17 మంది డైరెక్టర్ల సభది. గుడ్‌హోప్ అగ్రానికి తూర్పున కోటలు కట్టడానికి, సైన్యం పెట్టుకోవడానికి, రాజులతో ఒప్పందాలు చేసుకోవడానికి కంపెనీకి అధికారం ఇచ్చారు. వర్తకుడి చేతికి కత్తి ఇవ్వడమంటే ఇదే. దాని ఫలితం బండాలో కనిపిస్తుంది, అక్కడికి తర్వాత వద్దాం.

బట్ట ఎక్కడ దొరుకుతుందో డచ్చివారికి తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1605లో వాళ్ల ఓడ బందరు చేరింది. 1606లో గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్ షా ఫర్మానా ఇచ్చాడు. దాని ప్రకారం ఎగుమతి దిగుమతుల మీద సుంకం 4 శాతం. బందరులోనూ, అప్పట్లో పెటపోలి అని పిలిచిన నిజాంపట్నంలోనూ వర్తక కేంద్రాలు తెరిచారు. ఫర్మానాలో ఉన్నది ఒకటి, రేవులో జరిగింది ఇంకొకటి. రేవు అధికారులు ఆ పదవిని వేలంలో ఇంతకని పాడుకుని వచ్చేవాళ్లు. పాడిన సొమ్ము, దాని పైన లాభం రాబట్టుకోవాలంటే వర్తకుణ్ని పిండాల్సిందే. కాబట్టి గోల్కొండ రాజ్యానికి బయట, తమ చెప్పుచేతల్లో ఉండే చోటు ఒకటి కావాలని డచ్చివారు వెతికారు. అదే ఇప్పటి చెన్నైకి ఉత్తరాన ఉన్న పులికాట్. విజయనగర రాజు రెండో వేంకటపతిరాయలు 1610లో అక్కడ వ్యాపారానికి అనుమతి ఇచ్చాడు. 1612లో ఇప్పటి చెన్నైలోని శాన్‌థోమ్ పోర్చుగీసువారు వచ్చి ఆ కేంద్రాన్ని ధ్వంసం చేశారు. దాంతో డచ్చివారు కోటే కట్టేశారు. 1613కల్లా గెల్డ్రియా కోట సిద్ధమైంది. తర్వాత చాలా ఏళ్లు ఈ తీరం మొత్తానికి వాళ్ల ముఖ్య కేంద్రం అదే.

హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి 1612లో రాసిన మాట ఒకటుంది. కోరమండల్ తీరం మొలుక్కా దీవులకు, అంటే బండా కూడా ఉన్న సుగంధ ద్రవ్యాల దీవులకు, ఎడమ చెయ్యి లాంటిదనీ, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చిపోతుందనీ దాని సారాంశం. కంపెనీ మొదలై పదేళ్లు తిరిగేసరికే లోపలివాళ్లకు ఈ సంగతి అర్థమైపోయింది.

ఇంతకీ ఆ బట్ట సంగతి ఏమిటి? దీన్ని కాస్త దగ్గర నుంచి చూడాలి. పులికాట్ చుట్టుపక్కల ఊళ్లలో దీవుల కోసం ప్రత్యేకంగా రంగు బట్టలు, అద్దకం బట్టలు తయారయ్యేవి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో తెల్ల బట్ట ఎక్కువ. బందరు ప్రాంతానికి కలంకారీ పేరు. నూలు బట్టను ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల గీసిన గీత బట్ట మీద అలుక్కుపోదు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టిన పులుపు నీటితో గీత గీస్తే కరక్కాయతో కలిసి నల్లగా తేలుతుంది. ఎర్రగా కావలసిన చోట పటిక నీళ్లు పెడతారు. ఆ తర్వాత చిరువేరు అనే రంగు వేరు వేసి కాచిన నీళ్లలో బట్ట ఉడికిస్తారు. పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట్ల ఉతికితే పోతుంది. నిజాంపట్నం వైపు ఇసుక నేలల్లో పెరిగే చిరువేరుకు మంచి పేరుండేది. ఆ ఎరుపు ఎండకు వెలవదు, ఉతుకుకు పోదు. అప్పటికి ఐరోపాలో నూలు మీద ఇలా రంగు నిలబెట్టే విద్య ఎవరికీ రాదు. రసాయన శాస్త్రమనే పేరు లేకుండానే మన అద్దకపువాళ్ల చేతుల్లో ఆ శాస్త్రం ఉంది.

బటావియా నుంచి, అంటే ఇప్పటి జకార్తా నుంచి, ఇక్కడికి ఆర్డర్లు వచ్చేవి. ఫలానా దీవికి ఎరుపు ఎక్కువుండాలి, ఫలానా చోటికి గళ్లు ఇంత వెడల్పుండాలి, కొంగు ఇలా ఉండాలి అని రాసేవాళ్లు. శాంపిల్ గుడ్డలు కూడా పంపేవాళ్లు. ఒక దీవిలో ఎగబడి కొన్న రకం పక్క దీవిలో కదలకుండా పడి ఉండేది. అంచు రంగు మారినా సరుకు గోదాములో మూలుగుతుంది. కాబట్టి వ్యాపారం ప్రాణం ఆ వివరాల్లోనే ఉంది. ఆ వివరాలు తెలిసింది మొదట మలయా, గుజరాత్, తెలుగు, తమిళ వర్తకులకు. డచ్చివారు వాళ్ల దగ్గర నేర్చుకున్నారు.

సాలెవాడికీ కంపెనీకీ మధ్య నేరుగా సంబంధం ఉండేది కాదు. కంపెనీ స్థానిక వర్తకుడికి కొన్ని నెలల ముందే బయానా ఇచ్చేది. అతను ఊరూరా తన మనుషుల ద్వారా సాలెవాళ్లకు పంచేవాడు. ఆ డబ్బుతోనే సాలెవాడు నూలు కొని, బట్ట తయారయ్యేదాకా ఇంటిల్లిపాదీ తినాలి. పత్తి చాలావరకు లోపలి దక్కను భూముల నుంచి బంజారాల ఎద్దుల మీద డెల్టాకు వచ్చేది. దారిలో యుద్ధం జరిగినా, వాన రాకపోయినా నూలు ధర పెరిగేది, బట్ట ధర మాత్రం ముందే ఖాయమై ఉండేది. టెన్షన్ అంతా నేసేవాడిదే. అయితే తర్వాతి కాలంలో ఇంగ్లీషువారి పాలనలో బిగిసినంత ఉచ్చు అప్పటికింకా లేదు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ప్రైవేటు వర్తకులు అందరూ బట్ట కోసం తిరుగుతున్న రోజులవి. నచ్చకపోతే బయానా తిరిగిచ్చేసి ఇంకొకరికి అమ్ముకునే వీలు సాలెవాడికి ఉండేది. కొనేవాడు ఒక్కడే మిగిలిన రోజున ఆ వీలు పోయింది.

ఈ మధ్యవర్తులు చిన్నవాళ్లేం కాదు. పులికాట్‌లో డచ్చివారు మలయ అని పిలిచిన అచ్యుతప్ప చెట్టి, అతని తమ్ముడు చిన్నన్న సొంత ఓడలు నడిపారు, రాజుల దగ్గర రాయబారాలు చేశారు. 1634లో అచ్యుతప్ప చనిపోయాక చిన్నన్న ఆ వ్యాపారం అందుకున్నాడు. 17వ శతాబ్దం రెండో సగంలో బాకీలు మునిగిపోకుండా ఉండాలని డచ్చివారు స్థానిక వర్తకులను వాటాల కంపెనీలుగా ఏర్పాటు చేయించారు. ఎవరి వాటా పెట్టుబడి వాళ్లు పెట్టి, నష్టాన్ని కలిసి మోయాలి. ఆమ్‌స్టర్‌డామ్ షేర్ల కథ అందరికీ తెలుసు. మన తీరంలో వర్తకులు వాటాలేసుకుని ఆ ఆమ్‌స్టర్‌డామ్ కంపెనీకే సరుకు అందించిన కథ కూడా పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

బట్ట మూటలు ఓడ ఎక్కడం కూడా ఒక పనే. అప్పట్లో ఈ తీరంలో పెద్ద ఓడ ఆనుకునే రేవు లేదు. ఓడలు దూరంగా లోతు నీళ్లలో ఆగేవి. పలకలను మేకులతో కాకుండా కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవలు అలల మీద ఒంగుతూ లేస్తూ సరుకు చేరవేసేవి. మేకులు కొట్టిన పడవైతే ఆ అలల దెబ్బకు విచ్చిపోతుంది. అక్టోబరు వచ్చిందంటే తుఫానుల కాలం, ఈలోపే ఓడలు కదిలిపోవాలి.

మరి ఈ బట్ట కొనడానికి డచ్చివారి దగ్గర డబ్బెక్కడిది? మన సాలెవాడికీ ఉన్ని బట్ట అక్కర్లేదు కదా. ఇక్కడ బంగారం కావాలి, వరహాలు కావాలి. ఐరోపా నుంచి వెండి తేవాలి, కానీ అది చాలదు. ఈ ముడి విప్పే ఆలోచనను కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌స్జోన్ కూన్ 1619లో డైరెక్టర్లకు రాసిన ఉత్తరంలో విడమరిచి చెప్పాడు. గుజరాత్ బట్ట సుమాత్రాలో ఇచ్చి మిరియాలు, బంగారం తీసుకోవాలి. కోరమండల్ బట్ట ఇచ్చి సుగంధ ద్రవ్యాలు కొనాలి. మిరియాలు, గంధపు చెక్క ఇచ్చి చైనా సరుకు, బంగారం తేవాలి. చైనా సరుకు ఇచ్చి జపాన్ వెండి తేవాలి. ఈ చక్రం తిరగడం మొదలైతే హాలండ్ నుంచి డబ్బు రాకపోయినా పర్వాలేదు, ఓడలుంటే చాలు అని అతని లెక్క. పూర్తిగా అలా జరగలేదు, ఐరోపా వెండి వస్తూనే ఉంది. కానీ లెక్క చాలావరకు నిలబడింది. 1641 నుంచి జపాన్‌లో వ్యాపారానికి అనుమతి ఉన్న ఐరోపావాళ్లు డచ్చివారొక్కరే, అది కూడా నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న దీవికి పరిమితమై. జపాన్ వెండి, చైనా బంగారం, ఆ తర్వాత జపాన్ రాగి, అన్నీ కోరమండల్‌కు చేరేవి. పులికాట్ టంకశాలలో డచ్చివారు వరహాలు కొట్టించారు. కంపెనీ గుర్తు ఉన్న రాగి నాణేలు కూడా అక్కడ తయారయ్యేవి. జపాన్ గనిలో తవ్విన రాగి మన ఊళ్ల సంతల్లో చిల్లరగా తిరిగింది.

ఇంత తెలివైన చక్రం నడిపిన మనిషే బండాలో చేసిన పని చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. బండా పెద్దలతో డచ్చివారు ముందే ఒప్పందాలు రాయించుకున్నారు: జాజికాయ మాకే అమ్మాలి, ఇంకెవరికీ అమ్మకూడదు. బదులుగా ఇస్తామన్న బియ్యం, బట్ట సరిగా అందలేదు, అందినా ఖరీదెక్కువ. అలాంటప్పుడు జావా వర్తకుడో, ఇంగ్లీషువాడో వస్తే బండావాళ్లు అమ్మకుండా ఎలా ఉంటారు? డచ్చివారు దాన్ని నమ్మకద్రోహం అన్నారు. 1609లో కోట కట్టబోయిన డచ్ సేనాపతిని, అతని మనుషులను బండావాళ్లు చంపారు. ఆ దండులో చిన్న ఉద్యోగిగా ఉన్న కూన్ 1621లో గవర్నర్ జనరల్‌గా, దాదాపు 2,000 మందితో తిరిగొచ్చాడు. ఊళ్లు తగలబెట్టారు. మే 8న 44 మంది పెద్దలను ఒక వెదురు కంచెలోకి తోలి, జపాన్ కిరాయి సైనికులతో తలలు నరికించారు. కొండల్లోకి పారిపోయినవాళ్లు ఆకలితో చచ్చారు, కొందరు కొండ కొనల మీద నుంచి దూకేశారు. వందల మందిని బానిసలుగా బటావియాకు తరలించారు. సుమారు 15,000 మంది ఉండే దీవుల్లో వెయ్యి మందో మరికాస్త మందో మిగిలారు.

ఆ తర్వాత జాజి తోటలను 68 ముక్కలుగా కోసి కంపెనీ మనుషులకు పంచారు, పనికి బానిసలను తెచ్చారు. పండించిన కాయంతా కంపెనీ చెప్పిన ధరకు కంపెనీకే ఇవ్వాలి. లవంగాల విషయంలో ఇంకో పద్ధతి. లవంగం అంబాన్ దీవి ప్రాంతంలోనే ఉండాలని మిగతా దీవుల్లో చెట్లు నరికించారు. దీవులవాళ్ల చేతనే తెడ్లు వేయించి పడవల దండును ఊరూరా తిప్పేవాళ్లు, చెట్టు కనపడితే గొడ్డలి. తాతలు నాటిన చెట్టును మనవడి కళ్ల ముందే కొట్టేయడాన్ని వ్యాపార నిర్వహణ అని పుస్తకాల్లో రాసుకున్నారు. ఒక్కోసారి ధర పడిపోతుందని ఆమ్‌స్టర్‌డామ్‌లో మిగిలిన సుగంధ ద్రవ్యాలను కుప్పపోసి కాల్చేసేవాళ్లు.

గుత్తాధిపత్యం వచ్చాక బట్ట సంగతేమైందన్నది చాలామంది అడగని ప్రశ్న. బండా ఖాళీ అయ్యింది, మిగతా దీవుల్లో లవంగం రాబడి పోయింది. చేతిలో లవంగం లేనివాడు బందరు బట్ట ఎలా కొంటాడు? ఆ దీవుల్లో కోరమండల్ బట్ట గిరాకీ తగ్గుతూ వచ్చింది, జనం సొంత మగ్గాల మీద ముతక బట్ట నేసుకున్నారు. మొలుక్కాలకు ఎడమ చెయ్యి అన్న తీరం అక్కరను కంపెనీ తన గొడ్డలితోనే తగ్గించుకుంది.

మన తీరం నుంచి వెళ్లింది బట్ట ఒక్కటే కాదు, మనుషులు కూడా. ఇది తెలుగులో చాలా తక్కువగా చెప్పుకున్న సంగతి. కరువు వచ్చినప్పుడు, యుద్ధం జరిగినప్పుడు పిల్లలను, ఒక్కోసారి తమను తామే అమ్ముకునేవాళ్లు. 1622, 23 సంవత్సరాల్లో పులికాట్, దేవనాంపట్నం రేవుల నుంచి సుమారు 1,900 మందిని బానిసలుగా ఓడ ఎక్కించారు. డబ్బుంటే ఇంకో 2,000 మందిని కొనేవాళ్లమని అధికారులు రాశారు. 1659 నుంచి 61 దాకా తంజావూరు ప్రాంతంలో వచ్చిన కరువులో ఆ సంఖ్య వేలకు చేరింది. వాళ్లు సింహళానికి, బటావియాకు, మలక్కాకు వెళ్లారు. బట్టల పద్దుల్లో గజాలు, రంగులు, ధరలు వివరంగా ఉంటాయి. మనుషుల పద్దులో చాలాచోట్ల తల లెక్క మాత్రమే ఉంటుంది.

17వ శతాబ్దం చివరికి వ్యాపారం మొహం తిరిగింది. మన బట్టకు ఐరోపాలోనే మోజు పుట్టింది. 1650 ప్రాంతంలో కంపెనీ ఐరోపాకు పంపిన సరుకు విలువలో సగం మిరియాలదే. 1700 వచ్చేసరికి అది పదో వంతు దగ్గరకు పడిపోయి, బట్టలు, పట్టు కలిపి సగం దాటాయి. దీవుల్లో జాజికాయ కొనడానికి వాడిన నగదే ఇప్పుడు అసలు సరుకైంది. తెలుగు నేలలో వాళ్ల కేంద్రాలు పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, కాకినాడ పక్కన జగన్నాథపురం దాకా విస్తరించాయి. ఖమ్మం వైపు నాగులవంచలో కూడా వాళ్ల కేంద్రం ఉండేది. 1686లో గోల్కొండతో తగాదా పడి కొద్దికాలం బందరునే పట్టుకున్నారు. మరుసటేడు ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. ఆ గందరగోళంలో లోపలి ప్రాంతాల వ్యాపారం దెబ్బతింది. 1690లో ముఖ్య కేంద్రాన్ని పులికాట్ నుంచి నాగపట్నానికి మార్చుకున్నారు.

పతనానికి ఒక్క కారణం చెప్పడం కుదరదు. కోటల ఖర్చు, ఉద్యోగుల దొంగ వ్యాపారం, ఇంగ్లీషువారి పోటీ, అన్నీ కలిశాయి. 1741లో కొలచెల్‌లో తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ చేతిలో ఓడిపోయారు. 1770 ప్రాంతంలో పియెర్ ప్వావ్ర్ అనే ఫ్రెంచివాడు జాజి, లవంగ మొక్కలను దొంగచాటుగా మారిషస్ చేర్చాడు. అంత రక్తంతో కాపాడుకున్న గుత్తకు మొక్కల బుట్టలతో గండి పడింది. 1780లో ఇంగ్లండ్‌తో మొదలైన యుద్ధం కంపెనీ నడుం విరగ్గొట్టింది. నాగపట్నం 1781లో చేజారింది. 1799 డిసెంబరు 31తో కంపెనీ ముగిసిపోయి, అప్పులూ ఆస్తులూ ప్రభుత్వం నెత్తిన పడ్డాయి. రెండు శతాబ్దాల్లో ఆ కంపెనీ ఓడలెక్కి తూర్పుకు బయల్దేరినవాళ్లు దాదాపు 10 లక్షల మంది. తిరిగి ఇల్లు చేరినవాళ్లు మూడో వంతుకు కాస్త పైన.

1824లో లండన్‌లో కుదిరిన ఒప్పందంతో భారతదేశంలోని డచ్ స్థావరాలన్నీ ఇంగ్లీషువారికి వెళ్లాయి. 1825లో పులికాట్, భీమునిపట్నం, జగన్నాథపురం, పాలకొల్లు చేతులు మారాయి. బదులుగా డచ్చివారికి సుమాత్రాలోని బెంకూలెన్ దక్కింది, మలక్కా కూడా ఇంగ్లీషువారికే పోయింది. నేసేవాళ్లను ఎవరూ అడగలేదు.

హాలండా అనే మాట నుంచి మనవాళ్లు డచ్చివారిని వలందులన్నారు. బందరులో ఇప్పటికీ వలందపాలెం ఉంది, ఫ్రెంచివాళ్ల పేరున పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. పక్కనే వలందుల సమాధుల మీద వంశ చిహ్నాలు చెక్కి ఉన్నాయి. బట్ట నేసినవాళ్ల పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు. సముద్రం అవతల ఇండోనేషియాలోని సులవేసి దీవి కొండల్లో తొరాజా ప్రజలు పాత భారతీయ నూలు బట్టలను పవిత్రంగా దాచుకుని, ఇంట్లో పెద్ద కార్యం వచ్చినప్పుడు బయటికి తీస్తారు. అలా అక్కడి నుంచి మ్యూజియాలకు చేరిన కొన్ని కోరమండల్ బట్టల మూల మీద కంపెనీ ముద్ర ఇంకా చదవగలిగేలా ఉంది, చిరువేరు ఎరుపు కూడా వెలవలేదు.